నిశ్చితార్థం ఉంగరం నచ్చలేదు: ఒకే రాయి అనుకుంటే ఏడు రాళ్లు, సైజు వదులు. ఇప్పుడు ఏం చేయొచ్చు?

బ్రాడీపేట అమ్మాయి:

నమస్కారమండీ. మాది గుంటూరు. నిశ్చితార్థం అయిపోయింది, పెళ్లి మాఘంలో. అబ్బాయి వాళ్లది విజయవాడ. ఉంగరం అత్తగారూ ఆడపడుచూ కలిసి బందరు రోడ్డులో ఒక షాపులో తీసుకున్నారు. పసుపు బంగారంలో ఒకే ఒక చిన్న రాయి ఉన్న సాదా ఉంగరం కావాలని ఆయనకు ముందే ఫోటో పంపాను. వచ్చింది తెల్ల బంగారం. దూరం నుంచి పెద్ద వజ్రంలా కనిపిస్తుంది, దగ్గరగా చూస్తే మధ్యలో ఒకటి, చుట్టూ ఆరు, మొత్తం ఏడు చిన్న రాళ్లు. అత్తగారు అందరితో "కోడలికి పెద్ద వజ్రం పెట్టాం" అన్నారు. ఆవిడ కావాలని అబద్ధం చెప్పారని అనుకోను, షాపులో ఆవిడకి అలాగే చెప్పి ఉంటారు.

బిల్లులో ఉన్నది ఇది: బంగారం స్వచ్ఛత 18 క్యారెట్లు, గ్రాస్ (రాళ్లతో కలిపి) 3.650 గ్రాములు, నెట్ (బంగారం మాత్రమే) 3.566, డైమండ్ తూకం 0.42 క్యారెట్, రాళ్లు 7. సైజు 14 తీసుకున్నారు, నా వేలికి 11 సరిపోతుంది. ఉంగరం తిరిగిపోయి రాళ్లు అరచేతి వైపు వస్తున్నాయి. ప్రస్తుతానికి దారం చుట్టాను. బిల్లు వెనక పదిహేను రోజుల్లో మార్పిడి అని ఉంది, అందులో వారం మిగిలింది.

ఇది మోసమా, మామూలేనా? సైజు తగ్గించవచ్చా? పసుపు రంగు వేయిస్తే ఆగుతుందా? మార్చుకోవాలంటే పెద్దవాళ్లకి ఎలా చెప్పాలి? నచ్చలేదంటే ఖరీదు తక్కువని అంటున్నాననుకుంటారేమో. చూసుకున్నప్పుడల్లా బాధగా ఉంది, ఆ బాధపడుతున్నందుకు సిగ్గుగానూ ఉంది.

సానరాయి (రాళ్ల పని):

అమ్మా, ముందుగా దారం తీసేయండి. చెమట, సబ్బు, కూర పసుపు దాంట్లో పేరుకుంటాయి, కింద చర్మం పాచిపోయి దురద పెడుతుంది. పైగా దారం నలిగేకొద్దీ ఉంగరం మళ్లీ వదులవుతుంది. ఏదో ఒకటి తేలేదాకా పెట్టెలో పెట్టండి.

మీరు చెప్పిన పనిని ప్రెషర్ సెట్టింగ్ అంటారు. మోసం కాదు, చాలా ఏళ్లుగా నడుస్తున్న డిజైను. ఏడు రాళ్ల దుద్దుల అమరికనే ఉంగరం మీదకి తెచ్చారు. లెక్క చూడండి. 0.42ని ఏడుతో భాగిస్తే రాయికి 0.06 క్యారెట్, అంటే ఆరు సెంట్లు (క్యారెట్‌లో నూరో వంతు ఒక సెంటు). ఆరు సెంట్ల గుండ్రటి రాయి వెడల్పు దాదాపు 2.5 మిల్లీమీటర్లు. మూడు రాళ్లు వరసగా వస్తాయి కాబట్టి మొత్తం పువ్వు అటూఇటూ ఏడున్నర మిల్లీమీటర్లు. ఏడున్నర వెడల్పు ఒంటిరాయి కావాలంటే అది ఒకటిన్నర క్యారెట్ ఉండాలి. అదే 0.42 ఒంటిరాయిగా తీసుకుంటే 4.8 మిల్లీమీటర్లే కనిపిస్తుంది. ఒంటిరాయి క్యారెట్ ధర చిన్న రాళ్ల క్యారెట్ ధర కంటే బాగా ఎక్కువ. అందుకే పెద్దవాళ్లకి ఈ డిజైను నచ్చుతుంది: పెట్టిన డబ్బు చేతి మీద కనిపిస్తుంది. మీ అత్తగారు మిమ్మల్ని తక్కువ చేసి తెచ్చిన ఉంగరం కాదు ఇది. నిండుగా కనపడాలని తెచ్చింది.

ఇక దీని బలహీనత చెబుతాను. ఈ సెట్టింగులో ఒక్కో రాయికీ విడిగా పట్టుకునే కొక్కేలు, అంటే ప్రాంగ్‌లు ఉండవు. నిండు బస్సులో నిలబడ్డవాళ్లలా రాళ్లు ఒకదాన్నొకటి ఆనుకుని ఉంటాయి, బయటి అంచు మాత్రమే అన్నిటినీ పట్టుకుంటుంది. ఒకటి ఊడితే మిగతావి కదులుతాయి. ఉంగరం వదులై తిరుగుతుంటే ఆ అంచు గడపకో బండి హ్యాండిల్‌కో తగులుతూనే ఉంటుంది. కాబట్టి వదులుగా ఉన్నదాన్ని అలాగే పెట్టుకోవడం అన్నిటికంటే చెడ్డ పద్ధతి.

సైజు 14 నుంచి 11 అంటే మూడు అంకెలు. మన సైజుల్లో ఒక్క అంకెకి చుట్టుకొలతలో దాదాపు ఒక మిల్లీమీటరు తేడా. అంటే కింది వైపు మూడు మిల్లీమీటర్ల ముక్క కోసి, రెండు చివర్లూ కలిపి అతకాలి. ఆ చుట్టు రెండు మిల్లీమీటర్ల వెడల్పు, ఒకటిన్నర మందం ఉంటే కోసిన ముక్క 140 మిల్లీగ్రాముల దాకా తూగుతుంది. ఆ ముక్క మీదే, అడిగి తీసుకోండి, లేదా మజూరీలో తగ్గించమనండి. పనికి ముందూ తర్వాతా తూకం మీ ఎదురుగానే వేయించండి.

అతకడం కష్టం కాదు. కష్టమంతా వంపుతోనే. మూడు సైజులు తగ్గిస్తే వంపు ముడుచుకుంటుంది, పైనున్న పువ్వు అడుగుభాగం లాగినట్టవుతుంది, రాళ్ల మధ్య ఒత్తిడి మారిపోతుంది. ప్రాంగ్‌ల ఉంగరమైతే పెద్ద సమస్య కాదు. ప్రెషర్ సెట్టింగుకి ఒకటి, రెండు సైజుల వరకే ధైర్యంగా చేయవచ్చు. మూడంటే పని అయ్యాక ప్రతి రాయినీ పది రెట్ల లూప్ (కంసాలి భూతద్దం) కింద సూదిమొనతో కదిపి చూడాల్సిందే. లేజర్ వెల్డింగ్ ఉన్నచోట చేయించండి, వేడి ఆ అతుకు దగ్గరే ఆగిపోతుంది. మంటతో చేస్తే పైభాగాన్ని తడిబట్టలో చుట్టాలి. వజ్రం టంకం వేడికి కరగదు గానీ గాలి తగిలేలా మరీ ఎర్రగా కాల్చితే పైపొర పాలలా మసకబారుతుంది.

రంగు సంగతి. తెల్ల బంగారం మీద కనిపించే మెరుపు రోడియం పూత. పూత అరిగితే లోపల లేత బూడిద కలిసిన పసుపు కనిపిస్తుంది, మీకు కావలసిన పసుపు కాదు. పైన పసుపు పూత వేయిస్తే రోజూ పెట్టుకునే ఉంగరంలో లోపలి వైపు, అంచుల దగ్గర కొన్ని నెలల్లోనే పోతుంది. దానికి డబ్బు పెట్టకండి. పసుపు కావాలంటే చుట్టే పసుపు బంగారంలో కొత్తగా చేయాలి, వేరే దారి లేదు.

బిల్లు లెక్క:

సానరాయి గారు పని గురించి చెప్పింది అక్షరాలా నిజం. కానీ ఒక్క మాట ముందు చెప్పాల్సింది: మార్చుకునే ఆలోచన ఏమాత్రం ఉన్నా సైజు కోయించకండి. బయటి కంసాలి చెయ్యి పడ్డ ఉంగరాన్ని షాపులు గడువులో ఉన్నా మార్పిడికి తీసుకోవు, పాత బంగారం లెక్కలోకి తోసేస్తాయి. సైజు తగ్గించడం ఎప్పుడైనా చేయించుకోవచ్చు. గడువు వారంలో అయిపోతుంది. కాబట్టి మార్పిడా కాదా అన్నది ముందు తేల్చుకోండి.

పాత బంగారం లెక్కకీ మార్పిడికీ తేడా ఇక్కడ తెలియాలి. గడువులో మార్పిడి అంటే షాపు మీ పాత బిల్లు రద్దు చేసి క్రెడిట్ నోట్ (ఆ డబ్బు మీకు జమ ఉందని రాసిచ్చే కాగితం) ఇవ్వాలి, కట్టిన మూడు శాతం జీఎస్టీ కూడా అందులో కలిసి రావాలి. కొత్త ఉంగరానికి కొత్త బిల్లు. అలా కాకుండా "పాతది కొనుక్కుని కొత్తది ఇస్తాం" అన్నారంటే మజూరీ పోతుంది, తరుగు పోతుంది, కట్టిన జీఎస్టీ పోతుంది, డైమండ్ విలువలో కోత పడుతుంది, కొత్తదాని మీద మళ్లీ మొత్తానికి జీఎస్టీ పడుతుంది. రెండిటికీ కౌంటర్ దగ్గర వాడే మాట "ఎక్స్ఛేంజే". అందుకే "క్రెడిట్ నోట్ ఇస్తారా?" అని ఆ పేరుతోనే అడగండి. మజూరీలో ఎంత కోస్తారో బిల్లు వెనక షరతుల్లో వేలు పెట్టి చూపించమనండి.

బిల్లు ఎవరి పేరున ఉందో చూడండి. అత్తగారి పేరునో అబ్బాయి పేరునో ఉంటుంది. చాలా షాపులు ఆ మనిషి రాకుండా, లేదా ఆ ఫోన్ నంబరుకి వచ్చే ఓటీపీ లేకుండా మార్పిడి చేయవు. మీరొక్కరే చెప్పకుండా వెళ్లి మార్చుకొద్దామన్నా కుదరకపోవచ్చు.

ఇక సరుకు సరైనదో కాదో చూసుకోవడం. తూకం లెక్క సరిపోయింది: 0.42 క్యారెట్ అంటే 0.084 గ్రాము, 3.650లో తీసేస్తే 3.566. బంగారం ధర నెట్ తూకానికే వేశారా, గ్రాస్‌కి వేశారా చూడండి. రేటు కూడా చూడండి: 18 క్యారెట్ల రేటు ఆ రోజు 24 క్యారెట్ల రేటులో ముప్పావు వంతు. బోర్డు మీద 22 క్యారెట్లదే ఉంటే దాన్ని 0.82తో గుణిస్తే దాదాపుగా వస్తుంది. 22 రేటే వేసి 18 ఉంగరం ఇచ్చి ఉంటే అది అడగాల్సిన తప్పు.

ఉంగరం లోపల మూడు గుర్తులుంటాయి: బీఐఎస్ (నాణ్యతా ప్రమాణాల ప్రభుత్వ సంస్థ) త్రికోణం, 18కే750 (18 క్యారెట్లు, వెయ్యిలో 750 వంతులు బంగారం), అంకెలూ అక్షరాలూ కలిపి ఆరు ఉండే, ఒక్కో నగకీ ప్రత్యేకమైన హెచ్‌యూఐడీ. 2023 ఏప్రిల్ 1 నుంచి హెచ్‌యూఐడీ లేకుండా హాల్‌మార్క్ నగ అమ్మకూడదు. ఫోన్‌లో బీఐఎస్ కేర్ యాప్ తెరిచి ఆ ఆరూ కొడితే నగ రకం, స్వచ్ఛత, హాల్‌మార్క్ చేసిన కేంద్రం, తేదీ వస్తాయి. నగ రకం దగ్గర ఉంగరం కాకుండా గొలుసనో గాజనో వస్తే, లేదా అసలేమీ రాకపోతే షాపు వాళ్ల ముందు పెట్టండి. హాల్‌మార్క్ ఉండీ స్వచ్ఛత తక్కువని తేలితే, తగ్గినదాని విలువకి రెండింతలు, పరీక్ష ఖర్చుతో సహా కొన్నవాళ్లకి చెల్లించాలని బీఐఎస్ నిబంధనలు చెబుతున్నాయి. తర్వాత సైజు చేయించాల్సి వస్తే ఆ హెచ్‌యూఐడీ ఉన్న చోటు కాకుండా పక్కన కోయమని చెప్పడం మరిచిపోకండి.

డైమండ్‌కి ఐజీఐ (వజ్రాలు పరీక్షించే సంస్థ) కార్డు ఇచ్చి ఉంటారు. అందులో ఏడు రాళ్లని, మొత్తం తూకం ఇంతని రాసి ఉంటే షాపు కాగితం మీద దాచిందేమీ లేదు. నోటితో "పెద్ద వజ్రం" అని ఉండొచ్చు, ఆ మాట మీద కేసు నిలవదు. బిల్లుకీ ఉంగరానికీ పొంతన లేకపోతే మాత్రం వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కి ఫోన్ చేయవచ్చు, రెండేళ్లలోపు జిల్లా వినియోగదారుల కమిషన్‌కి వెళ్లవచ్చు, ఐదు లక్షల లోపు విలువకి ఫీజు కూడా లేదు. మీరు రాసినదాన్నిబట్టి మీ విషయం అంతదూరం పోదు. బిల్లు శుభ్రంగానే ఉంది. ఇది నచ్చడం, నచ్చకపోవడం గురించిన సంగతి. ఆ మాట అలాగే ఒప్పుకుని షాపులో మెత్తగా అడిగితేనే పని జరుగుతుంది.

కృష్ణలంక పిన్ని:

తల్లీ, సిగ్గుపడాల్సిందేం లేదు. రోజూ కళ్ల ముందుండే వస్తువు మనసుకి నచ్చాలనుకోవడం దురాశ కాదు. అయితే ఈ మాట ఎవరికి ముందు, ఎలా చేరుతుందన్న దాన్నిబట్టే తర్వాత సంగతి ఉంటుంది.

ముందు అబ్బాయికే చెప్పు. మీ అమ్మగారు వాళ్ల అమ్మగారికి ఫోన్ చేయడం వద్దు. సంబంధం కుదిర్చిన మధ్యవర్తి చెవిన అసలు వేయొద్దు. మధ్యవర్తి నోట పడితే "ఉంగరం సైజు వదులైంది" అన్నది "పిల్లకి ఉంగరం ఆనలేదట" అయి వన్‌టౌన్ చేరేసరికి "కట్నం దగ్గర గొడవట" అయి కూర్చుంటుంది. వాట్సాప్‌లో రాయకు. రాసిన మాటకి గొంతు ఉండదు, పైగా ఇంకొకరికి పంపడం తేలిక. ఫోన్‌లోనో ఎదురుగానో చెప్పు.

ఏ వరసలో చెప్పాలో కూడా ఆలోచించుకో. మొదటి మాట సైజు. అది కంటికి కనిపించే నిజం, ఎవరి తప్పూ కాదు. "ఉంగరం నిలబడటం లేదండీ, రాళ్లు ఊడతాయని భయంగా ఉంది, షాపుకి తీసుకెళ్లాలి." ఆ తర్వాత అసలు మాట: "ఎలాగూ వెళ్తున్నాం కదా, నేను ముందు పంపిన సాదా డిజైను అంటే నాకు ఇష్టం. రోజూ చేతికి ఉంచుకోవాలని ఉంది. దీన్ని దానికి మార్చుకోవచ్చా? ఖరీదు ఇంతే ఉన్నా, తగ్గినా నాకు ఫరవాలేదు." ఆ చివరి మాట తప్పకుండా అను. నువ్వు భయపడుతున్న అపార్థం అక్కడితో పోతుంది. సైజు చెప్పి ఊరుకుని, షాపుకెళ్లాక కౌంటర్ దగ్గర డిజైన్ మాట తీయడం మాత్రం చేయకు. అది ఎత్తు వేసినట్టు కనబడుతుంది, అబ్బాయికి వాళ్లమ్మ ముందు ఇరకాటం.

అత్తగారికి అబ్బాయి చెప్పాలి, నువ్వు పక్కనుండాలి. ఆవిడతో మాట్లాడేటప్పుడు రాళ్ల లెక్క, 4.8 మిల్లీమీటర్లు, ప్రెషర్ సెట్టింగు, ఇవేవీ నోట రానీయకు. ఆవిడకి అది "నువ్వు మోసపోయావు" అన్నట్టు వినబడుతుంది. "దగ్గరుండి నిండుగా ఉండేది ఎంచారు అత్తయ్యా, నా వేలు సన్నం, నాకు చిన్నది అలవాటు" అంటే చాలు. "మీరూ రండి, మీరే ఎంచండి" అని షాపుకి ఆవిడనీ ఆడపడుచునీ పిలువు. ఎంచే పెద్దరికం ఆవిడ దగ్గరే ఉంటే వస్తువు మారినా ఆవిడకి చిన్నతనం ఉండదు.

ఒకటి మాత్రం ముందే కనుక్కో. నిశ్చితార్థంలో పెట్టిన ఉంగరాన్ని పెళ్లికి ముందు మార్చకూడదని, కరిగించకూడదని కొన్ని ఇళ్లలో గట్టి పట్టింపు. శాస్త్రంలో ఉందా లేదా అని వాదించకు. వాళ్లింట్లో ఆ పట్టింపు ఉంటే మార్పిడి మాట వదిలేసి సైజు వరకే అడుగు. పెళ్లయ్యాక ఆ ఏడు రాళ్లూ అలాగే ఉంచి కొత్త ఉంగరం చేయించుకోవచ్చు.

పట్నం బజార్:

పిన్ని గారి చివరి సలహాతో నేను ఏకీభవించను. "పెళ్లయ్యాక చూద్దాం" అంటే డబ్బు రూపంలో ఏం పోతుందో ముందు తెలియాలి. మూడున్నర గ్రాముల ఉంగరంలో మజూరీ, జీఎస్టీ తీసేస్తే మిగిలేది బంగారం, రాళ్లు. ఆ సైజు చిన్న రాళ్లకి వెనక్కి అమ్మితే వచ్చేది చాలా తక్కువ. రాళ్లు మీరే ఉంచుకుని వాడుకుంటేనే లాభం. ఆరు సెంట్లవి ముక్కుపుడకకి సరిగ్గా సరిపోతాయి, మిగతా ఆరింటిని మూడేసి చొప్పున చిన్న దిద్దుల జతకి వాడొచ్చు. అలా వాడే ఉద్దేశం లేకపోతే గడువులోనే తేల్చుకోండి.

ఏ దారీ కుదరకపోతే మధ్యేమార్గం ఒకటుంది: ఈ ఉంగరానికి కింద, అంటే వేలి కొన వైపు, వేసుకునేలా ఒక గ్రామున్నర, రెండు గ్రాముల పసుపు బంగారం సాదా తోడు ఉంగరం. అది వేలికి గట్టిగా సరిపోయి, పైదాన్ని జారకుండా ఆపుతుంది. పై ఉంగరం ఒకటి, రెండు సైజులే తగ్గిస్తే చాలు. రోజూ ఆ సాదాది ఒక్కటే పెట్టుకోవచ్చు, ఫంక్షన్లకి రెండూ. ఒక్క జాగ్రత్త: రెండు ఉంగరాలు ఒకదానికొకటి రాసుకుంటాయి. పై ఉంగరం పువ్వు అడుగు తోడు ఉంగరానికి తగలకుండా ఎత్తుగా ఉందో లేదో చూసుకోవాలి, లేదంటే ఆ అంచే అరిగి రాళ్లు వదులవుతాయి.

బ్రాడీపేట అమ్మాయి:

అందరికీ చాలా థాంక్సండీ. బాధ సగం తగ్గింది, ముఖ్యంగా ఆ మిల్లీమీటర్ల లెక్క చూశాక. ఆయనతో మాట్లాడాను. సైజు విషయం తనకీ అనిపించిందట, నేను ఏమనుకుంటానోనని అడగలేదట. అత్తయ్యకి పట్టింపేమీ లేదు, "తను రోజూ పెట్టుకునేది తనకి నచ్చాలి" అన్నారు. బిల్లు ఆయన పేరునే ఉంది. షాపు వాళ్లు క్రెడిట్ నోట్‌కి ఒప్పుకున్నారు, మజూరీలో కొంత కోత ఉంటుందట. హెచ్‌యూఐడీ యాప్‌లో సరిగ్గానే వచ్చింది.

వాళ్లు చూపించినవి రెండు. ఒకటి 18 క్యారెట్ల పసుపు బంగారంలో పాతిక సెంట్ల ఒంటిరాయి, నాలుగు ప్రాంగ్‌లు. రెండోది 22 క్యారెట్లలో అలాంటిదే. ఆడపడుచు 22 అంటున్నారు, రంగు బాగుంటుందని. అదే ధరకి ల్యాబ్ వజ్రమైతే (గనిలోది కాకుండా ల్యాబ్‌లో తయారైనది) అర క్యారెట్ వస్తుందని కూడా సేల్స్ అబ్బాయి అన్నాడు. ఏం చూసుకోవాలి? సైజు ఎలా ఖరారు చేయాలి?

సానరాయి (రాళ్ల పని):

ఒంటిరాయికి 18 తీసుకోండి. 22 క్యారెట్ల బంగారం మెత్తన, సన్నటి ప్రాంగ్ గుడ్డకి తగిలి లేచినా లేస్తుంది. మీ ఆడపడుచు గారు రంగు గురించి అన్నది నిజమే, 18 కాస్త లేతగా ఉంటుంది, పక్కన 22 గాజులుంటే తేడా తెలుస్తుంది. ఆ తేడా ముందే చూసి ఒప్పుకోండి, ఇంటికెళ్లాక కొత్త అసంతృప్తి వద్దు. నాలుగు ప్రాంగ్‌ల కంటే ఆరు నయం. నాలుగులో ఒకటి విరిగితే రాయి జారిపోతుంది, ఆరులో ఒకటి పోయినా నిలబడుతుంది. పాతిక సెంట్ల రాయి వెడల్పు 4.1 మిల్లీమీటర్లు. ఆరు ప్రాంగ్‌లు పెడితే రాయి కొంచెం కప్పుకుపోయి చిన్నగా కనిపిస్తుంది, వేసుకుని చూసి నిర్ణయించండి. రాయి మరీ ఎత్తుగా కూర్చున్నది వద్దు, జడకీ చీర జరీకీ పట్టేస్తుంది.

సైజు సాయంత్రం పూట కొలవండి. పొద్దున్నే, ఏసీ షాపులో వేళ్లు సన్నబడతాయి, మన ఎండాకాలం మధ్యాహ్నం ఉబ్బుతాయి. షాపులో సైజు రింగుల గుత్తి ఉంటుంది, మీరు తీసుకునే ఉంగరం వెడల్పే ఉన్న రింగుతో కొలవమనండి. వెడల్పు పట్టీ ఒక అర సైజు బిగుతుగా పడుతుంది. వేలి కణుపు దగ్గర కొంచెం ఆగి దాటాలి, దాటాక కింద తేలిగ్గా తిరగాలి, చెయ్యి దులిపితే రాకూడదు. కణుపు లావు, మొదలు సన్నం అయితే కణుపుకి తగ్గ సైజు తీసుకుని లోపల కింది వైపు రెండు చిన్న బంగారు గుండ్లు అతికించుకోండి. అర సైజు నుంచి ఒక సైజు దాకా పట్టు వస్తుంది, ఉంగరం తిరగదు.

తీసుకునేటప్పుడు చెవి దగ్గర పెట్టి గోటితో చిన్నగా కొట్టండి. వదులు రాయి ఉంటే టిక్కుమంటుంది. తర్వాత పలచటి కాటన్ గుడ్డ మీద అన్ని వైపులకీ లాగండి. పోగు పట్టిందంటే ప్రాంగ్ మొన సరిగా మూయలేదు, అక్కడే మళ్లీ నొక్కించండి.

బిల్లు లెక్క:

ల్యాబ్ వజ్రం నకిలీ కాదు, అదీ వజ్రమే, గట్టిదనం కూడా అదే. కానీ వెనక్కి అమ్మితే వచ్చే విలువ సహజమైనదానికంటే చాలా తక్కువ, ధరలు కూడా ఏళ్లుగా పడుతూనే వచ్చాయి. చేతికి పెద్ద రాయి కావాలనుకుని తీసుకుంటే తప్పు లేదు. మీకు కావలసింది చిన్న రాయే కాబట్టి మీకు ఆ లాభం అక్కర్లేదు. ఏది తీసుకున్నా బిల్లులో సహజమో ల్యాబ్‌దో మాటల్లో రాయించండి. షాపులో వేడితో పరీక్షించే పెన్ను రెండిటికీ "డైమండ్" అనే చూపిస్తుంది, దాన్నిబట్టి తేడా తెలియదు.

ఒంటిరాయికి విడి సర్టిఫికెట్ అడగండి. రాయి నడుము (చుట్టూ ఉండే అంచు) మీద లేజర్‌తో చెక్కిన నంబరు లూప్ కింద చూపించి, కార్డు మీది నంబరుతో కలిపి చదవమనండి. రాయి పొదగకముందు చూడటం తేలిక, పొదిగాక ప్రాంగ్ అడ్డొస్తే కనబడదు. పాతిక సెంట్ల రాయికి మరీ పై గ్రేడ్ కోసం డబ్బు పోయకండి. పసుపు బంగారంలో జీ, హెచ్ రంగు గ్రేడుల రాళ్లు కంటికి తెల్లగానే ఉంటాయి, స్పష్టతలో వీఎస్ (లోపలి మచ్చలు కంటికి కనబడనంత చిన్నవి) చాలు. మిగిలిన డబ్బు కోత (సాన పట్టిన తీరు) బాగున్న రాయి మీద పెట్టండి, మెరుపు అక్కడి నుంచే వస్తుంది.

క్రెడిట్ నోట్ మీద తేదీ, చెల్లుబాటు గడువు చూసుకోండి. కొత్త ఉంగరం ఆర్డరిచ్చి చేయిస్తుంటే బంగారం రేటు ఇవాళ్టిదా, డెలివరీ రోజుదా అన్నది రసీదు మీద రాయించండి. కొత్తదానికి సైజు ఒకసారి ఉచితంగా సరిచేస్తారా అన్నది కూడా అక్కడే రాయించుకోండి.

కృష్ణలంక పిన్ని:

మంచి మాట విన్నాను. మార్చిన సంగతి మీ ఇంట్లో, వాళ్లింట్లో దగ్గరవాళ్లకి మీరే ముందు చెప్పేయండి. నిశ్చితార్థం ఫోటోల్లో పెద్ద పువ్వు కనిపించి పెళ్లిలో ఒంటిరాయి కనిపిస్తే ఎవరో ఒకరు అడుగుతారు. "సైజు కుదరక మార్పించాం, అత్తయ్యే ఎంచారు" అంటే సరిపోతుంది. నలుగు పెట్టే రోజు, మెహందీ రోజు, వంటింట్లో పిండి కలిపేటప్పుడు ఉంగరం తీసేయి. నలుగుపిండి, పసుపు రాయి అడుగున చేరితే మెరుపు పోతుంది. చేరితే గోరువెచ్చని నీళ్లలో రెండు చుక్కలు గిన్నెలు తోమే లిక్విడ్ వేసి పావుగంట నానబెట్టి, మెత్తటి బ్రష్‌తో అడుగు వైపు నుంచి రుద్దు. సింక్ మీద కాదు, గిన్నెలో.